నోరు కనిపించని భాషా పాఠాలు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పసిపిల్లలకు వీడియోలు చూపిస్తే చాలు, పెద్దవాళ్లయితే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాఠాలు వింటే చాలు, కొత్త భాష దానంతట అదే వంటబడుతుందన్న నమ్మకం ఇటీవల బాగా బలపడింది. తెలుగు మాతృభాష కాని పెద్దలకు చాలాకాలంగా తెలుగు నేర్పుతున్నవాడిగా, ఈ నమ్మకంలో సగమే నిజముందని చెప్పదలచి ఈ ఉత్తరం రాస్తున్నాను. చూసేదీ వినేదీ రెండూ భాషను నేర్పుతాయి. అయితే ఏది చూపిస్తున్నాం, ఏది వినిపిస్తున్నాం, ఆ రెండింటికీ పొత్తు కుదురుతోందా లేదా అన్నది ఎవరూ అడగడం లేదు.

ముందు నా తప్పే చెప్పుకుంటాను. ఇంగ్లీషు మాతృభాషగా గల ఒక విద్యార్థికి కొన్నాళ్లు ఆన్‌లైన్లో పాఠాలు చెప్పాను. తెర నిండా స్లయిడ్లు, వాటి మీద పదాలు, పక్కన రంగురంగుల బొమ్మలు ఉండేవి; నా ముఖం మాత్రం ఓ మూలన గోరంత గడిలో ఉండేది, కొన్ని రోజులు అదీ ఆపేసేవాణ్ణి. మూడు వారాలు గడిచాక ఆయన ‘పాత పాట’ అంటే ఒకే మాటను రెండుసార్లు అన్నట్టు వినిపించింది. నేను విడమరచి పలికినా, రెండూ ఒకటే కదండీ అన్నారు. ఆయన తన నోట్‌బుక్కును కెమెరా ముందు పెట్టాక సంగతి అర్థమైంది. రోమన్ లిపిలో ‘త’కూ ‘ట’కూ ఒకే అక్షరం వాడి, రెండు మాటలనూ అచ్చంగా ఒకేలా రాసుకున్నారు. చెవి అంతంతమాత్రంగా పట్టుకుంటున్న తేడాను, కాగితం మీద చూసిన కన్ను పూర్తిగా చెరిపేసింది.

మర్నాడు స్లయిడ్లన్నీ తీసేసి కెమెరాకు దగ్గరగా జరిగి, నాలుక కొనను పైపళ్లకు ఆనించి ‘త’ అనడం, అదే కొనను వెనక్కి మడిచి అంగిలికి తాకించి ‘ట’ అనడం నిదానంగా చూపించాను. ‘త’ అన్నప్పుడు పళ్ల దగ్గర నాలుక లీలగా కనిపిస్తుంది, ‘ట’ అన్నప్పుడు కనిపించదు. ఆ కాస్త ఆనవాలు పట్టుకుని ఆయన చెవి మెల్లగా దారిలో పడింది. రోమన్ రాత మానిపించి తెలుగు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాక గాని ‘పాత పాట’ ఆయన నోట రెండు మాటలు కాలేదు.

ఆయన చెవిలో లోపమేమీ లేదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఈ ధ్వనుల జంట కూడా ఉంది. ఇంగ్లీషు వింటూ పెరుగుతున్న పసిపిల్లలు 6 నుంచి 8 నెలల వయసులో హిందీలోని దంత్య, మూర్ధన్య ధ్వనుల (అంటే ‘త’, ‘ట’ల్లాంటి వాటి) తేడాను గుర్తించగలిగారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి ఆ సామర్థ్యం బాగా తగ్గిపోయింది. చుట్టూ వినిపించే భాషలో అర్థాన్ని మార్చని తేడాలను పట్టించుకోవడం మెదడు మానుకుంటుందన్నమాట. ఏళ్ల తరబడి మానుకున్నదాన్ని మళ్లీ అలవాటు చేయాలంటే, మొదట తేడా ఉందన్న సంగతి ఎలాగోలా తెలియాలి. అది తెలిపే పనిలో కన్ను బాగా అక్కరకొస్తుంది.

అసలు వినడమంటే చెవి ఒక్కటే చేసే పని కాదని హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో చూపించారు. ‘గ’ అంటున్న ముఖానికి ‘బ’ అనే శబ్దాన్ని జతచేసి వినిపిస్తే, చాలామంది పెద్దలకు ఆ రెండూ కాకుండా ‘డ’ లాంటి ధ్వని వినిపించింది. కళ్లు మూసుకుంటే ‘బ’, తెరిస్తే ‘డ’! కిటుకు ముందే తెలిసినంత మాత్రాన ఈ భ్రమ తప్పదు. తెలిసి తెలిసి నేనూ ఎన్నోసార్లు మోసపోయాను. చూసినదీ విన్నదీ మనకు స్పృహ కలిగేలోపే కలిసిపోతున్నాయి గనుక, ఏది కంటితో తెలిసిందో ఏది చెవితో తెలిసిందో విడదీసి చెప్పడం మన చేతిలో లేదు.

అలాగని కన్నుంటే చాలని కూడా అనలేం. అద్దం ముందు నిలబడి, గొంతు పెగలకుండా పెదవులు మాత్రమే కదుపుతూ ‘పాట, బాట, మాట’ అని చూడండి. మూడూ ఒకేలా ఉంటాయి. వీటిని వేరు చేయాలంటే చెవి ఉండాల్సిందే. అదే ‘మ’, ‘న’లను తీసుకుంటే, రెండూ ముక్కుతో పలికేవే కాబట్టి గోల మధ్య చెవి తేలిగ్గా పొరబడుతుంది, కన్ను మాత్రం పెదవులు కలిశాయా లేదా అన్నది ఇట్టే పట్టేస్తుంది. చప్పుడు పెరిగే కొద్దీ మాట్లాడేవారి ముఖం చూడటం వల్ల కలిగే ప్రయోజనం కూడా పెరుగుతుందని సంబీ, పొలాక్ 1954లోనే కొలిచి చెప్పారు. మాస్కులు పెట్టుకుని మాట్లాడిన రోజుల్లో ‘ఏమన్నారు?’ అని మాటిమాటికీ అడగాల్సి రావడం అందరికీ గుర్తుండే ఉంటుంది. మాస్కు గొంతును కొంత మందగింపజేసిన మాట నిజమే. పెదవులను దాచేసిందన్నది మనం అంతగా గమనించలేదు. డబ్బింగ్ రచయితలకు ఈ విషయం ఒకరు చెప్పనక్కర్లేదు. తెర మీద పెదవులు కలిసిన చోట ప, బ, మలు పడేలా వాళ్లు మాటలు వెతుక్కుంటారు. అది కుదరకపోతే, ఎక్కడ అతకలేదో చెప్పలేని ప్రేక్షకుడికి కూడా ఏదో తేడాగా అనిపిస్తూనే ఉంటుంది.

పసిపిల్లల దగ్గరికి వస్తే సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. నాలుగో నెలలో ఎదుటివారి కళ్లను ఎక్కువగా చూసే బిడ్డ, ఎనిమిదో నెలకు నోటివైపు చూపు మళ్లిస్తుందనీ, ఏడాది నిండేసరికి సొంత భాష విషయంలో ఆ చూపు మళ్లీ కళ్లవైపు జరుగుతుందనీ, పరాయి భాష వింటున్నప్పుడు మాత్రం నోటిని వదలదనీ ల్యూకోవిచ్, హాన్సెన్-టిఫ్ట్ 2012లో ప్రచురించారు. అంటే ముద్దుపలుకులు మొదలయ్యే వేళకు పిల్లలు మన నోటిని పుస్తకంలా చదువుతున్నారన్నమాట. సరిగ్గా ఆ వయసు పిల్లల ముందు మనం పెడుతున్నదేమిటి? నోరు తెరవడం, మూయడం తప్ప ఏ ధ్వనికీ పెదవులు సరిగా కదపని కార్టూన్ ఏనుగును.

పోనీ, నిజం మనిషి నోరే తెర మీద చూపిస్తే సరిపోతుందా? ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న 9 నెలల పిల్లలతో చైనా భాష మాండరిన్ మాట్లాడేవారు 12 విడతలుగా ఆడుకుంటూ, పుస్తకాలు చదివి వినిపిస్తూ గడిపారు. ఆ పిల్లలు మాండరిన్‌లోని ఒక కష్టమైన ధ్వని తేడాను పట్టుకోగలిగారు. అదే సామగ్రిని అంతే సేపు వీడియోలో చూసిన పిల్లలకూ, ఆడియోగా మాత్రమే విన్న పిల్లలకూ ఏమీ అబ్బలేదు. దీన్ని బట్టి తెరే విషమని తేల్చేయడం తొందరపాటు. రెండేళ్లు దాటిన పిల్లలు ముందే రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త క్రియాపదాలు నేర్చుకోలేకపోయినా, తమకు అప్పటికప్పుడు బదులిచ్చే వీడియో కాల్ ద్వారా నేర్చుకోగలిగారని రోజ్‌బెర్రీ, హర్ష్-పాసెక్, గోలింకాఫ్‌ల 2014 నాటి పరిశోధన చెబుతోంది. బిడ్డ ‘ఊ’ అంటే ఎదుటి ముఖం ‘ఊ’ అనాలి. అది తెరలోంచి అన్నా ఫరవాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. చూపు లేని పిల్లలకు మాట వస్తుంది. వినికిడి లేని పిల్లలు కంటితోనే సంజ్ఞాభాషను సంపూర్ణంగా నేర్చుకుంటారు. సంజ్ఞల మధ్య పెరిగే అలాంటి శిశువులు చేతులతోనే ముద్దుపలుకులు పలుకుతారని పెటిటో, మారెంటెట్ 1991లో రాశారు. కాబట్టి ఒక దారి మూసుకుపోతే భాష రాదని నా వాదన కాదు. రెండు దార్లూ తెరిచి ఉన్న పిల్లలకు, ఆ రెండింటిలోనూ పొంతన లేని సరుకు పంపడం గురించే నా బాధ.

పెద్దల పాఠాలకు సంబంధించి ఒక్క సంగతి మాత్రం ప్రస్తావిస్తాను. జపాను వారికి ఇంగ్లీషులోని ‘ర’, ‘ల’ల తేడా నేర్పడంలో, పలువురి గొంతులను వినిపించే పద్ధతి ఫలితమిచ్చిందని లోగన్, లైవ్లీ, పిసోని 1991లో చూపించారు. నా విద్యార్థికి కూడా నా ఒక్కడి ‘ట’ అలవాటైతే సరిపోలేదు; నా భార్య ‘ట’, మా పొరుగాయన ‘ట’, ఓ చిన్నపిల్ల ‘ట’ విన్నాక గాని ఆయనకు నమ్మకం కుదరలేదు. ఒకే కంప్యూటర్ గొంతుతో నడిచే యాప్‌లకు ఈ విషయంలో చిక్కుంది.

పాఠాలు తయారుచేసేవారికి నా విన్నపం చిన్నది. కొత్త ధ్వని చెప్పేటప్పుడు బొమ్మలను కాసేపు పక్కకు తప్పించి, పలికే మనిషి నోటిని తెర నిండా చూపించండి. ఆ భాష సొంత లిపి వచ్చేదాకా మాటను ముందు వినిపించి, తర్వాతే రాసి చూపండి. పత్రికగా మీరు చేయగలిగిందీ ఒకటుంది. భాషలు నేర్పే యాప్‌ల గురించి మీ పుటల్లో తరచూ సమీక్షలు వస్తుంటాయి. వాటిలో ఎన్ని భాషలున్నాయి, ఎన్ని వేల పదాలున్నాయి అన్న లెక్కలతో పాటు, పలికేవారి నోరు కనిపిస్తుందా, నేర్చుకునేవారు తప్పు పలికితే అవతలి నుంచి బదులు వస్తుందా అన్నది కూడా పరీక్షించి రాయమని సమీక్షకులను కోరగలరు.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు