గుంటుపల్లి కొండ చూపించే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్నామధ్య మీ ఆదివారం పేజీల్లో సెలవులకి పిల్లల్ని తీసుకెళ్లదగ్గ చోట్లంటూ ఒక జాబితా వేశారు. మా ఏలూరు జిల్లా నుంచి అందులో చిన్న తిరుపతి, అదే ద్వారకా తిరుమల, ఒక్కటే ఉంది. ఉండాల్సిందే, నాకూ ఏడాదికోసారి ఆ స్వామి మొక్కు ఉంది. కానీ అక్కడి నుంచి గంటలోపు ప్రయాణంలో, కామవరపుకోట దాటాక, జీలకర్రగూడెం పక్కన గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి కదా, వాటి ఊసే లేదేమిటని మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే రాసినవాళ్లని అనడానికి లేదనిపించింది. మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు నేను కూడా ఇంట్లో ‘ఏముందక్కడ, రాళ్లూ రప్పలూ’ అనే చెప్పాను.

అది పదేళ్ల కిందటి మాట. ఒక ట్రావెల్స్ బస్సులో చిన్న తిరుపతి దర్శనం చేయించి, మిట్టమధ్యాహ్నం తెచ్చి కొండ కింద దింపి, ‘గుహలున్నాయి, చూసి ఇరవై నిమిషాల్లో వచ్చేయండి’ అన్నారు. సగంమంది బస్సు దిగనేలేదు. దిగిన మేం రొప్పుకుంటూ మెట్లెక్కి, చీకటిగా ఉన్న ఒక గదిలోకి తొంగిచూసి, నాలుగు ఫొటోలు దిగి, నీళ్ల కోసం వెతుక్కుంటూ దిగిపోయాం. అది దేని గదో, ఎవరు తొలిచారో చెప్పిన నాథుడు లేడు.

ఈ సంక్రాంతికి మా అమ్మాయి పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ నుంచి వచ్చింది. కామవరపుకోటలో టీచరుగా చేస్తున్న మా మేనల్లుడు, ఈసారి ఊరికే వెళ్లొద్దు అత్తయ్యా, అక్కడ ఒకాయన ఉన్నాడు, ఆయనతో వెళ్లండి అన్నాడు. సరే అని పొద్దున్న ఎనిమిదింటికల్లా కొండ దగ్గరకి చేరాం. ఆయన ఆ పక్క ఊరివాడే, నలభై ఏళ్లుంటాయేమో. తవ్వకాలప్పుడు వాళ్ల పెద్దవాళ్లు కూలికి వెళ్లేవారట, చిన్నప్పటి నుంచీ విన్నదీ తర్వాత చదువుకున్నదీ కలిపి చెప్తాడు. గైడు అని ఆయన్ని ఎవరూ అనరు, ఆయనా అనుకోడు.

నావి అరిగిపోయిన మోకాళ్లు. కొన్ని మెట్లెక్కగానే కూర్చుండిపోయి, ఈ మెట్లు ఎవరు పెట్టారో గానీ అని విసుక్కున్నాను. ఆయన నవ్వి ‘ఇప్పటివి కాదనుకోండి, ఆ రోజుల్లో మెట్లు కట్టించింది కూడా ఒక ఆడమనిషేనండి’ అన్నాడు. ఈ కొండని ఆ కాలంలో మహానాగపర్వతం అనేవారట, ఇక్కడ ఉండే ఒక పెద్ద భిక్షువు శిష్యురాలు మెట్లు దానం చేసినట్టు బ్రాహ్మీ లిపిలో శాసనం ఉందట. రెండు వేల ఏళ్ల కిందట ఎవరో ఒకావిడ, వెనకొచ్చేవాళ్లకి కష్టం కాకూడదని డబ్బు పెట్టింది. విసుక్కోవడం మానేసి లేచాను.

పదేళ్ల కిందట నేను తొంగిచూసి వచ్చేసిన ఆ చీకటి గదే అసలైనది, గుండ్రటి చైత్యగుహ, అంటే భిక్షువులు పూజ చేసుకునే గుహ. కొండని తొలిచి చేసిన గుండ్రటి గది, మధ్యలో అదే రాతిలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణకి సన్నటి దారి. ఆయన మా మనవణ్ణి పైకి చూడమన్నాడు. కప్పు అంతా వాసాలు, గుడిసెకి వేసినట్టే నడిమి నుంచి చుట్టూ దిగుతూ, కానీ అన్నీ రాతివే. ‘చుట్టిల్లు ఎప్పుడైనా చూశారాండీ అమ్మగారూ’ అని నన్నడిగాడు. చూడకపోవడమేమిటి, మా అమ్మమ్మ పుట్టింది అలాంటి ఇంట్లోనే. రాతికి వాసాలతో పనేముంది, కొండే కప్పు కదా, పడిపోయేది లేదు. అయినా చెక్కారు, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లకి తెలిసిన ఇల్లు కర్రతో కట్టిన ఇల్లే, దేవుడి చోటంటే అలాగే ఉండాలనుకున్నారు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం ప్రాంతపు పని ఇది. గుమ్మం పైన కమాను కూడా కర్ర పనితనాన్ని రాతిలోకి దించిందే, బీహార్‌లో గయ దగ్గర బరాబర్ కొండల్లో ఉన్న లోమస్ రుషి గుహ ముఖద్వారం ఇలాగే ఉంటుందని ఫోన్లో బొమ్మ తీసి పక్కపక్కన చూపించాడు. లోపలి స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు శివలింగంగా కొలుస్తూ వచ్చారట. అదీ ఒకందుకు మంచిదే అయ్యుంటుంది, కొలిచేదాన్ని ఎవరూ పగలగొట్టరు కదా.

పక్కనే భిక్షువులు ఉండే గుహలు, వాటి గుమ్మాల మీద లాడం ఆకారపు కమానులు. వానాకాలం మూడు నెలలూ ఊళ్లు తిరగకుండా భిక్షువులు ఒకచోట ఉండాలన్న నియమం వల్లే ఇలాంటి విహారాలు అవసరమయ్యాయన్నాడు. పైకి వెళ్తే ఇటుక పునాదులు, మరీ పైన మహాస్తూపం, దారి పొడుగునా చిన్నా పెద్దా స్తూపాలు బోలెడు. ఇవన్నీ ఏంటని మనవరాలు అడిగితే ‘మొక్కులమ్మా’ అన్నాడు. వచ్చిన భక్తులు తమ పేరన కట్టించుకున్నవి. ముందురోజే చిన్న తిరుపతిలో గుండు చేయించుకున్న మా మనవడు తల తడుముకున్నాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం మండపం స్తంభాల కథ. మహామేఘవాహన వంశానికి చెందిన, కళింగాన్నీ మహిషకాన్నీ ఏలిన సిరిసద అనే రాజు పేరు ఆ స్తంభాల మీది శాసనంలో ఉంది, కానీ మండపం ఇచ్చింది రాజు కాదట, ఆయన దగ్గర లేఖకుడుగా పనిచేసే మనిషట. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. ఒక గుమాస్తా పేరు ఇన్ని వందల ఏళ్లు రాతి మీద నిలబడిందంటే ఆయన ఉండి వినుంటే ఎంత మురిసిపోయేవారో.

మొత్తం రెండు గంటలు కూడా పట్టలేదు. అంతకుముందు ఇరవై నిమిషాలే ఎక్కువనిపించిన కొండ ఇది.

ఇక నేను ఈ ఉత్తరం రాస్తున్న అసలు సంగతి. దిగాక ఎంత ఇమ్మంటారని అడిగితే ఆయన ‘మీ ఇష్టమండి’ అన్నాడు. మాకు మొహమాటం, ఆయనకీ మొహమాటం. నేను 500 ఇస్తే మా అమ్మాయి తక్కువని ఇంకొంత కలిపింది, ఆయనేమో ఎక్కువని వెనక్కివ్వబోయాడు. ఈ ఇబ్బంది ఎందుకు? అలాంటి కొండల దగ్గర, చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లకీ ఆడపిల్లలకీ కొన్నాళ్లు శిక్షణ ఇచ్చి, ఒక కార్డు ఇచ్చి, ఇంతమందికి ఇంత అని రేటు కట్టి గేటు దగ్గర బోర్డు పెడితే సరిపోతుంది కదా. దీనికి కోట్లు అక్కర్లేదు, కొండ మీద కొత్తగా ఏదీ కట్టనక్కర్లేదు, అసలు కట్టకపోతేనే మేలు. పర్యాటకం అనగానే రిసార్టు, రోప్‌వే, లైటింగు అంటారు గానీ చెప్పే మనిషికి నాలుగు రూపాయలు ఇచ్చే మాట ఎవరూ ఎత్తరు.

ఇది గుంటుపల్లి ఒక్కదాని గొడవా కాదు. విశాఖ దగ్గర తొట్లకొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, శ్రీకాకుళం జిల్లాలో శాలిహుండం, అన్నీ కాసేపట్లో ఎక్కగలిగే బౌద్ధ కొండలే. తెలంగాణలో ఫణిగిరి ఉంది, 2024లో అక్కడ ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికితే పేపర్లన్నీ రాశాయి, చదివి ఎంతమంది ఆ కొండెక్కారో.

ఇంకొకటి. మేం గుహ దగ్గర ఉండగానే ఇద్దరు కుర్రాళ్లు బండి తాళంచెవితో గోడ మీద పేరు గీకబోయారు. అది ఇసుకరాయి, మెత్తన, గీస్తే ఇట్టే రాలుతుంది. మాతో వచ్చినాయన ‘మీ ఇంటి గోడకి గీసుకోండిరా’ అని కసిరితే మూతి ముడుచుకుని వెళ్లిపోయారు. పక్కనే రక్షిత కట్టడం అన్న బోర్డు ఉంది, వాళ్లు దాన్ని చూశారో లేదో కూడా అనుమానమే.

మీ పాఠకులెవరైనా వెళ్తే పొద్దున్నే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి, పెద్దవాళ్లకి చేతికర్ర ఉంటే మంచిది. ఆయన మాత్రం ఆదివారాలే దొరుకుతాడు, మిగతా రోజుల్లో పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి పోతాడు. ఆయన ఫోన్ నంబరు మీ పేపర్లో వేయమని అడగడం లేదు, కొండ గేటు దగ్గర రాయించమని సంబంధిత అధికారులని అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఏలూరు