లేబుల్ మీద మాట ఎందుకు మారిందంటే

చెట్టు కొట్టకుండా వరిగడ్డితో మేం చేసే కాగితం కొత్త స్కెచ్ ప్యాడ్లు అందినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే, కాగితం చప్పుడు తగ్గిందేంటి, కొంచెం తెల్లబడిందేంటి, లేబుల్ మీద "పూర్తిగా వరిగడ్డితో" అని ఉండేది కదా అదెక్కడికి పోయింది అని. చేత్తో పట్టుకోగానే కనిపెట్టేశారంటే లోపల్లోపల సంతోషంగానే ఉంది. ఒక్కొక్కరికీ విడిగా రాయలేక అందరికీ ఇక్కడే చెప్తున్నా. ఈ కాగితంలో ఇప్పుడు గడ్డి 70 పాళ్లు, మిగతా 30 పత్తి. బనియన్లు కుట్టేచోట మిగిలిపోయే కత్తిరింపు ముక్కలు, రంగు వెయ్యనివి.

గొడవంతా గడ్డి దగ్గర మొదలైంది. కోతలవ్వగానే ఏడాదికి సరిపడా ఒకేసారి కొని దాచుకుంటాం, ఆ తర్వాత కావాలన్నా మంచిది దొరకదు. బేళ్లు కట్టేటప్పుడు తేమ 15 శాతం లోపే ఉండాలని సప్లయర్‌కి మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా, ఆయనా తలూపుతూనే ఉన్నాడు. ఈసారి లోడు పైకి చూస్తే పచ్చగా నిగనిగలాడుతోంది. తాడు కోసి మధ్యలోకి చెయ్యి పెడితే వేడి, జ్వరమొచ్చిన ఒంటి మీద చెయ్యేసినట్టు. విప్పితే లోపలంతా నల్లగా అట్టలు కట్టి ఉంది, బూజు పొడి లేచి అందరం దగ్గడమే. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా, "కాస్త చెమ్మ తగిలిందండీ, ఎలాగూ మీరు నానబెట్టి ఉడకబెట్టేదే కదా" అని. ఎన్ని సీజన్ల నుంచో అడ్వాన్స్ ఇచ్చి మరీ కొంటున్న మనిషితో అనే మాటా అది? ఉడకబెట్టేదే కదా అంటే కుళ్లింది ఇచ్చినా పర్లేదనా? ఇది రాస్తుంటే కూడా మండుతోంది.

తడిసిన గడ్డిలో బూజు తినేది సరిగ్గా మాకు కావాల్సిన సెల్యులోజ్‌నే, అంటే నారకి బలమిచ్చే పదార్థాన్నే. అసలే వరిగడ్డి నార పొట్టిది, సగటున ఒక మిల్లీమీటరు దాకానే, అదే పైన్ కర్రలో అయితే 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ ఉన్న కాస్తా బూజు కొరికేశాక ఇంకేం మిగుల్తుంది. అయినా ఆశ చావక, బాగున్నాయనిపించిన బేళ్లు ఏరి ఒక వంట వేసి చూశాం. గడ్డిని మెత్తబరిచే సోడా మామూలు కన్నా ఎక్కువ లాగింది, గుజ్జు తక్కువొచ్చింది, అందులో కూడా సన్న నలుసే ఎక్కువ, జల్లెడ ఎత్తితే నీళ్లు దిగకుండా పైనే నిలబడ్డాయి. ఆరాక షీటు చూడ్డానికి బానే ఉంది, మడిస్తే మడత మీదే పుటుక్కున విరిగింది. అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు సరేసరి. ఆ షీట్లు ఒక్కటి కూడా బయటికి పోలేదు, అన్నీ మళ్లీ నీళ్లలోకే, అందుకే మీ ఆర్డర్లు అంత లేటయ్యాయి.

ఇక నాకు నిద్ర లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లని ఎవర్ని కదిపినా ఒకటే సలహా, చెక్క గుజ్జు షీట్లు రెడీగా దొరుకుతాయి, పావు వంతు కలిపెయ్, బలం అదే వస్తుంది, లేబుల్ అలాగే ఉంచు, మైక్రోస్కోప్ పెట్టి ఎవడు చూస్తాడు అని. నిజమే, ఎవరూ చూడరు. కానీ చెట్టు జోలికి పోకుండా కాగితం చేస్తానని చెప్పి మీ దగ్గర డబ్బులు తీసుకున్నా, చెక్క గుజ్జు నా బీటర్‌లో, అంటే గుజ్జు చితక్కొట్టే యంత్రంలో పడదు, పడితే నేను ఆ షెడ్డులో ఉండను. బ్లీచ్ చెయ్యమన్నారు కొందరు, దాంతో మచ్చలు పోతాయేమో గానీ బలం ఇంకాస్త పోతుంది. వచ్చే కోత దాకా ప్యాడ్లు ఆపేద్దామా అంటే షీట్లెత్తేవాళ్లకి పనేదీ.

చివరికి పత్తి దగ్గర ఆగా, దాని నార పొడుగు. గడ్డికి పొడుగు నార కలపడం కొత్త విద్యేం కాదు. చైనాలో చిత్రకారులు ప్రాణం పెట్టే షువాన్ కాగితంలో కూడా వరిగడ్డితో పాటు ఒక చెట్టు బెరడు నార కలుపుతారు, బలం ఆ పొడుగు నారదే. నాకిది ఎప్పుడో తెలుసు, తెలిసీ గడ్డి ఒక్కదానితోనే చేసి చూపిస్తానన్న పంతం. ఇంగ్లండ్‌లో మథయాస్ కూప్స్ అనే ఆయన 1800లో గడ్డి కాగితం మీద ఏకంగా పుస్తకమే అచ్చేసి, పెద్ద మిల్లు కట్టి, కొన్నేళ్లకే దివాలా తీశాడు. ఆయనంటే గౌరవమే, ఆయన వెనకే పోవాలని మాత్రం లేదు.

కాబట్టి ప్యాడ్లు, నోటుబుక్కులు ఇక ఇలాగే వస్తాయి, రేటు మారదు, కాగితం ఇంకు పీల్చకుండా చేసే సైజింగ్ పాతదే కాబట్టి ఇంకు పాకదు. మడత పెట్టే పని లేని మందం కార్డులు మాత్రం పోయినేటి పాత గడ్డితో, వేరేది ఏమీ కలపకుండా చేస్తున్నాం, ఆ స్టాక్ అయ్యేదాకా. పత్తి వద్దు అనుకునేవాళ్లు ఆర్డర్ క్యాన్సిల్ చేసుకోండి, డబ్బు మొత్తం వెనక్కిస్తా, ఏమీ అనుకోను. సరే, కొంచెం అనుకుంటా.

వచ్చే కోత నుంచి గడ్డి నేరుగా రైతుల దగ్గరే, తేమ మీటరు ముల్లు బేలు నడిమధ్యలోకి గుచ్చి చూశాకే లోడు దిగుతుంది. పాత సప్లయర్ మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మంచి గడ్డి దొరికితే మళ్లీ పాత కాగితమే చేస్తారా అని అడుగుతారని తెలుసు. ప్యాడ్లకి చెయ్యను. మడతకి ఇదే మేలు, ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేకపోయినా సరే. నమ్మకం లేకపోతే ఆర్డర్‌లో ఒక ముక్క రాయండి, పాతదీ కొత్తదీ చెరో షీటు పెట్టి పంపుతా, మడిచి, విప్పి, మళ్లీ అదే గీత మీద మడిచి చూస్కోండి.