పులి ముక్కు మీది గాటు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం పేజీలో మీరు పాఠకులు పంపిన ఫోటోలు వేస్తున్నారు. ఈమధ్య వాటిలో జూ ఫోటోలు ఎక్కువయ్యాయి. సంతోషమే. పిల్లల్ని తీసుకుని జూకి వెళ్ళి, ఓపిగ్గా నిలబడి ఫోటో తీసి పత్రికకు పంపేవాళ్ళున్నారంటే మంచి సంగతి. నేను ఆ పేజీ ఒక్క వారం కూడా వదలను. అయితే చాలా ఫోటోల్లో జాలీ కనిపించదు, గోడ కనిపించదు, నీళ్ళ తొట్టి కనిపించదు. వాటిని ఎక్కడ చెరిపారో నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఎందుకంటే నలభై ఏళ్ళు నేను చేసిన పని అదే.

1984లో విశాఖపట్నం జగదాంబ జంక్షన్ దగ్గర ఒక స్టూడియోలో రీటచింగ్ పనికి చేరాను. వాలుగా ఉండే చిన్న బల్ల, దాని కింద అద్దం, కిటికీలోంచి పడే వెలుతురు ఆ అద్దం మీద నుంచి నెగెటివ్ వెనక్కి వచ్చేది. నెగెటివ్ మీద దూదితో మందు రాసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. మొటిమ ఉన్న చోట నెగెటివ్ పలచగా ఉంటుంది, అక్కడ పెన్సిల్ నింపితే ప్రింటులో మొటిమ మాయమవుతుంది. పెళ్ళిసంబంధాలకు పంపే ఫోటోలే ఎక్కువ. చిన్నప్పుడు మశూచి వచ్చి ముఖం నిండా మచ్చలున్న ఒక అమ్మాయి ఫోటో మూడు రోజులు కూర్చుని శుభ్రం చేశాను. వాళ్ళ నాన్నగారు ఆ ప్రింటు చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ పని మంచిదా చెడ్డదా అని అప్పుడు ఆలోచించలేదు. తర్వాత కంప్యూటర్ వచ్చింది, ఫోటోషాప్ నేర్చుకున్నాను. పెన్సిల్ పోయి మౌస్ వచ్చింది గానీ పని మాత్రం అదే.

ఇప్పుడు స్టూడియో పని మానేశాను. సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే 70-300 జూమ్ లెన్స్ ఒకటి కొనుక్కుని వారానికోసారి ఇందిరాగాంధీ జూకి వెళ్తున్నాను. ఎండాడ దగ్గర, మూడు వైపులా కంబాలకొండ అడవి, నాలుగో వైపు సముద్రం. 1977లో తెరిచిన ఈ జూ దాదాపు 625 ఎకరాలు. ఉదయం గేటు తీసే వేళకు వెళ్తే తెల్లపులి ఎన్‌క్లోజర్ దగ్గర మీరొక్కరే ఉంటారు. సోమవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ళ కిందట అక్కడ తెల్లపులిని తీశాను. గట్టు మీదికి వచ్చి నిలబడి తిన్నగా నా వైపు చూసింది. ఇంటికెళ్ళి ఆ రాత్రంతా దాని మీద కూర్చున్నాను. ఒంటి మీద పసుపు ఛాయ తీసేసి పాలలా తెల్లగా చేశాను. ముక్కు మీద అడ్డంగా ఒక గాటు ఉంటే ఫోటోషాప్‌లో మచ్చలు మాపే హీలింగ్ బ్రష్‌తో రెండు తుడుపుల్లో పోగొట్టాను. ఎడమ కన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంది, కంటిపాపను జరిపి సరిచేశాను. కళ్ళకు నీలం పెంచాను. చెవి మీదుగా జాలీ తీగ ఒకటి పోతుంటే దాన్నీ తీసేశాను. అంతా అయ్యాక చూసుకుంటే నా పనితనం మీద నాకే ముచ్చటేసింది. పన్నెండు అంగుళాల ప్రింటు వేయించి, తర్వాతి వారం జూకి పట్టుకెళ్ళి ఆ పులికి మేత పెట్టే కీపర్‌కి ఇచ్చాను.

ఆయన రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత, "బాగుందండి బాబూ, ఏ ఊరి జూ అండి ఇది?" అన్నాడు.

మీ పులేనయ్యా, కిందటి వారం ఇక్కడే తీశాను అన్నాను. ఆయన నమ్మలేదు. "మా దానికి ముక్కు మీద గాటుంటాదండి. చిన్నప్పుడు దాని అన్నతో ఆడుకుంటూ గీయించుకుంది. ఎడం కన్ను మెల్ల. చెవి కొసన చిన్న చిరుగుంటాది. ఇవేవీ లేవు కదండీ దీనికి?" అని ఫోటో తిరిగి నా చేతిలో పెట్టాడు.

చెవి చిరుగు సంగతి నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. ఇంటికెళ్ళి మొదటి ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే, నేను తీసేసిన తీగ పక్కనే ఉంది ఆ చిరుగు. తీగతో పాటు దాన్నీ కుట్టేశాను. రోజూ దానికి మేత పెట్టే మనిషే గుర్తుపట్టలేని పులిని నేను తయారుచేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. స్టూడియోలో నేను శుభ్రం చేసిన ముఖాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఆ తర్వాత తెల్లపులుల గురించి తెలుసుకున్నాను. అవి వేరే జాతి కావు, మన బెంగాల్ పులులే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకం జన్యువు వస్తేనే ఆ రంగు పుడుతుంది. 1951లో రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే తెల్లపులి పిల్లతో వీటి పెంపకం మొదలైంది. ఆ రంగు నిలబెట్టడం కోసం దగ్గరి రక్తసంబంధం ఉన్న పులుల్నే మళ్ళీ మళ్ళీ జతకట్టించారు. వీటిలో కొన్నింటికి మెల్లకన్ను ఉంటుంది. కంటి నుంచి మెదడుకు పోయే నరాలు వెళ్ళవలసిన దారిలో వెళ్ళకపోవడం వల్ల అలా అవుతుంది. అంటే ఆ రంగుకూ ఆ మెల్లకూ మూలం ఒక్కటే. నేను రంగును ఇంకా తెల్లగా చేసి, మెల్లను చెరిపేశాను. మనిషి ఆ జంతువుకు ఏం చేశాడో తెలిపే ఆనవాలును తీసేసి, అందాన్ని మాత్రం ఉంచాను. ఆ ఫోటో చూసినవాళ్ళకు "ఇలాంటివి ఇంకా పుట్టించాలి" అనిపిస్తుంది తప్ప ఇంకేమీ తట్టదు.

ఎడిటింగ్ అసలే వద్దని నేను అనడం లేదు. అలా అంటే నా చేతికి నేనే అన్యాయం చేసినట్టు. కెమెరాకు కంటికున్న తెలివి ఉండదు. తెల్లపులి ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిద రంగులోకి దించుతుంది, అందుకని వెలుగు కొంచెం పెంచి తీయాలి. ఎలుగుబంటి దగ్గర దీనికి తిరగేసి ఉంటుంది. నల్లటి జూలును వెలిసిపోయినట్టు చూపిస్తుంది, అక్కడ తగ్గించాలి. చెట్ల నీడలో తీస్తే ఆకుల పచ్చదనం జంతువు ఒంటి మీద పడుతుంది. నేను జేబులో తెల్ల చేతిరుమాలు ఉంచుకుంటాను. జంతువు ఉన్నలాంటి నీడలోనే దాన్ని ఒక ఫోటో తీసుకుని, ఇంటి దగ్గర ఆ రుమాలు తెల్లగా వచ్చేదాకా రంగు సరిచేస్తాను. అదే కొలత పులికీ పెడతాను. అలా చేశాక చూస్తే తెల్లపులి మీగడ రంగులో ఉంటుంది, చారలు మట్టి కలిసిన గోధుమ రంగులో ఉంటాయి. ఆ రంగును నేనెందుకు పాల రంగు చేశానా అని ఇప్పుడు బాధపడుతున్నాను. దానంతట అదే ఎంత బాగుంటుందో!

జాలీ విషయం ఇంకొంచెం చెప్పాలి. ఇప్పుడు ఫోన్‌లో వేలితో గీస్తే చాలు, తీగ పోతుంది. కానీ తీగ వెనక ఏముందో ఫోన్‌కు తెలియదు కదా. పక్కనున్నవి చూసి ఊహించి నింపుతుంది. పులి పక్కటెముకల మీదుగా పది తీగలు పోతే, పది చోట్ల లేని చారలు పుట్టిస్తుంది. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్కలా ఉండవు. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిలో చెట్లకు కెమెరాలు కట్టి ఏది ఏ పులో లెక్క తేల్చేది ఆ చారలు చూసే. మన వేలిముద్ర లాంటిది అది. వేలిముద్ర మార్చిన మనిషిని ఏమంటాం? కొందరు "అటువైపు చూస్తుంటే బాగుంటుంది" అని ఫోటోను ఎడమ కుడి తిప్పేస్తారు, అప్పుడు కూడా ఆ పులి ఇంకో పులి అయిపోతుంది.

జాలీ లేకుండా ఫోటో కావాలంటే తీసేటప్పుడే దారి ఉంది. కటకటాలు దాటకుండా, బారికేడ్ ఎక్కకుండా, అనుమతి ఉన్నంత దగ్గరికి వెళ్ళండి. జూమ్ పూర్తిగా లాగి, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) నంబరు మీ లెన్స్‌లో ఉన్నంత చిన్నది పెట్టండి. జాలీ మీద ఎండ పడని చోటు చూసుకోండి, ఎండలో తీగ మెరిస్తే ఏం చేసినా కనిపిస్తుంది. ఆ తర్వాత జంతువు జాలీకి దూరంగా వెళ్ళేదాకా ఆగండి. అప్పుడు తీగ మసకైపోయి దానంతట అదే కరిగిపోతుంది. అద్దం ఉన్న చోట లెన్స్‌ను అద్దానికి ఆనించి చుట్టూ నల్ల చున్నీ కప్పండి, మన నీడ పడదు. ఫ్లాష్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇవన్నీ చేసినా తీగ కనిపిస్తే, కనిపించనివ్వండి.

ఇంకో సంగతి. మీ పేజీలోనే ఒకసారి "గర్జిస్తున్న మృగరాజు" అని సింహం ఫోటో వేశారు. కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుక కొస మెలితిరిగి ఉంది. అది ఆవులింత. మధ్యాహ్నం అన్నం తిన్న మనిషి ఆవులించినట్టు ఆవులిస్తోంది పాపం. పంపినవారి పొరపాటు పెద్దది కాదు, అందరూ అలాగే అనుకుంటారు. కానీ గర్జన ఫోటో కావాలని జూలో జనం చేసే పనులు చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఈలలు వేస్తారు, ఖాళీ సీసాలు జాలీకేసి కొడతారు, చిన్న రాళ్ళు విసురుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-జె సెక్షన్ ప్రకారం జూలో జంతువును విసిగించడం, బాధపెట్టడం, తిండి వేయడం నేరం. బోర్డుల మీద రాసే ఉంటుంది. బోర్డు ముందే నిలబడి వీడియో తీస్తుంటారు.

2022 మే, జూన్ నెలల్లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు పెద్దపులి తిరిగి పశువుల్ని చంపింది. ఆ రోజుల్లో నా ఫోన్‌కు "ఇదే ఆ పులి, మన ఊరి పొలాల్లోకి వచ్చేసింది" అని ఒక ఫోటో వచ్చింది. పులి కాళ్ళ దగ్గర గడ్డి ఒకే ముక్క నాలుగుసార్లు అతికి ఉంది. వెనక సిమెంటు గట్టు తాలూకు అంచు ఒక మూల మిగిలిపోయింది. ఎక్కడో జూలో తీసి, గట్టు చెరిపి, ఎవరో మురిసిపోతూ పెట్టుకున్న ఫోటో అది. చేతులు మారి మారి ఇక్కడికొచ్చింది. అప్పటికి మా చెల్లెలు వాళ్ళు అటువైపే ఉంటున్నారు. ఆ ఫోటో చూసి టెన్షన్‌తో రెండు రోజులు పొలానికి వెళ్ళలేదు, కూలీలూ రాలేదు. చెరిపినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఫోటో పోటీలు పెట్టే అంతర్జాతీయ సంఘాలు ఫియాప్, పీఎస్‌ఏ, ఆర్‌పీఎస్ కలిసి నేచర్ విభాగానికి ఒక నియమం రాసుకున్నాయి. అంచులు కత్తిరించవచ్చు గానీ, ఫోటోలో లేనిది చేర్చకూడదు, ఉన్నది తీయకూడదు, చోటు మార్చకూడదు. జూ జంతువుల ఫోటోను వైల్డ్‌లైఫ్ విభాగానికి పంపనే కూడదు. మన పాఠకుల పేజీకి అంత కట్టుదిట్టం అక్కర్లేదు. నేను అడిగేది రెండే. ఫోటో కింద ఏ జూలో తీసిందో తప్పకుండా రాయండి. జాలీ, గోడ, గాటు, మెల్ల చెరపకుండా పంపమని పాఠకులకు ఒక్క వాక్యం చెప్పండి. చెట్టు కొమ్మ మీద కోతి వెనక నీలం రంగు నీళ్ళ డ్రమ్ము కనిపిస్తే ఏం నష్టం? ఆ కోతి అక్కడే కదా పుట్టి పెరిగింది.

ఈ ఉత్తరంతో రెండు ఫోటోలు పంపుతున్నాను. ఒకటి నేను పాల రంగు చేసినది. రెండోది అదే ఫోటో, రంగు మాత్రం రుమాలు కొలతకు సరిచేసి, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచాను. రెండోది కీపర్‌కి ఇచ్చాను. ఈసారి చూడగానే పేరు పెట్టి పిలిచి, పాత ప్రింటు తిరిగి ఇచ్చిన ఆ చేత్తోనే ముక్కు మీది గాటును తడిమాడు. మీరు వేస్తే రెండోదే వేయండి. కింద "ఇందిరాగాంధీ జూ, విశాఖపట్నం" అని రాయండి, నా పేరు లేకపోయినా పర్వాలేదు.

ఇట్లు,
ఒక పాత రీటచర్,
విశాఖపట్నం