వాట్సాప్‌లో అడగలేక మెయిల్ పెడుతున్నా

విజయవాడ
ఏప్రిల్ 29, 2025

ఒరే చిన్నా,

ఎలా ఉన్నావు నాన్నా, వేళకి తింటున్నావా. ఇరవై రెండు రోజులైంది నీ గొంతు విని, లెక్కపెట్టి కూర్చోలేదులే, ఊరికే గుర్తుంది అంతే. వాట్సాప్‌లో పెట్టినవాటికి నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి బతికే ఉన్నావని అర్థమైంది. పనుంటుంది, నాకు తెలుసు. ఊరికే కబుర్లు రాద్దామని కూర్చున్నా, ప్రత్యేకంగా విషయమేం లేదు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఆవకాయ నిన్ననే కలిపాను, ఈసారి కాయలు బాగా పుల్లగా దొరికాయి, ముక్కలు మీ నాన్న దగ్గరుండి కొట్టించుకొచ్చారు కానీ సగం ముక్కలకి టెంక లేదు, బజారుకి ఆయన్ని పంపితే అంతే. నీ వాటా చిన్న జాడీలో విడిగా పెట్టాను. రేపు అక్షయ తృతీయ, ఎదురింటి రాధ ఏదైనా కొందాం రమ్మంది కానీ బంగారం పది గ్రాములు లక్ష తాకింది కిందటి వారం, ఇంకేం కొంటాం. డాలర్ పడిపోతోంది కదా జనమంతా బంగారం మీద పడ్డారు అని మీ నాన్న టీవీ ముందు కూర్చుని తీర్పు చెప్తున్నారు. డాలర్ పడితే ఇంకా ఏమేం పెరుగుతాయో ఆయనకి తెలీదు, నాకు కొంచెం తెలుసు.

తెనాలి పెళ్ళికి వెళ్ళొచ్చాం, శేషు వాళ్ళమ్మాయిది. భోజనాలు బాగున్నాయి, పూర్ణాలు మాత్రం గట్టిగా ఉన్నాయి. అక్కడ ఒకరు (ఎవరో చెప్పను, నువ్వు వాళ్ళకి ఫోన్ చేసి అరుస్తావు) అమెరికాలో మీవాడి గ్యారేజీ నిండా జపాన్ అట్టపెట్టెలేనటగా, కెమెరాలు తెప్పించి అమ్ముతున్నాడటగా అన్నారు. నేను నవ్వేసి వాడికి చిన్నప్పట్నుంచీ కెమెరాల పిచ్చి, కొనుక్కుంటాడు గానీ అమ్మడు అన్నాను. అన్నాను గానీ ఇంటికొచ్చాక శ్రావణి చేత నీ ఇన్‌స్టాగ్రామ్ తెరిపించి చూశాను. ఆ ఫోటోలో వెనకాల పెట్టెలు పదకొండు లెక్క తేలాయి. సరే దాని సంగతి వదిలేయ్.

పిచ్చి ఎక్కడిదో నాకు తెలీదా, పెద్దనాన్న స్టూడియోలో యాషికా మెళ్ళో వేసుకుని నిద్రపోయేవాడివి. వానాకాలం వస్తే లెన్సులకి బూజు పడుతుందని మీ పెద్దనాన్న వాటిని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెడితే, మీ పెద్దమ్మ అన్నానికి బియ్యం తియ్యబోయి చెయ్యి తగిలి కెవ్వుమంది, గుర్తుందా. జపాన్‌లో పాత సామాను కూడా కొత్తదానిలా చూసుకుంటారు, గీత ఉంటే గీత ఉందని రాసి మరీ అమ్ముతారు అని నువ్వే చెప్పావు పోయినేడు. అప్పుడు డాలర్‌కి 160 యెన్లు వస్తున్నాయమ్మా, అంతా సగం ధరకి వచ్చినట్టుంది అని ఎగిరి గంతేశావు. నిజమే, పోయిన జూలైలో దాదాపు 162 దాకా వెళ్ళింది, 1986 తర్వాత అంత ఎప్పుడూ లేదు. నాకు అప్పుడే మనసులో కలుక్కుమంది గానీ నీ సంతోషం ఎందుకు పాడుచెయ్యడం అని ఊరుకున్నా.

ఈ జనవరిలో 158 ఉండేది కదా, పోయిన వారం 140కి దిగి ఇప్పుడు 142 దగ్గర తచ్చాడుతోంది. నేను రోజూ చూస్తున్నా, నవ్వకు. 80 వేల యెన్ల లెన్సు జనవరిలో అయితే నీకు 506 డాలర్లు పడేది, ఇవాళ 563. లెన్సు అదే, దాని మీద గీతా అదే, జపాన్‌లో కొట్టువాడు ఒక్క యెన్ కూడా పెంచలేదు, అయినా నీ జేబులోంచి 57 డాలర్లు ఎక్కువ పోయాయి. ఒక్కటి కొనుక్కునేవాడికి ఇది లెక్క కాదు, హోటల్ భోజనం రెండుసార్లు మానుకుంటే సరి. పదకొండు పెట్టెలవాడికి ఎంతో నువ్వే వేసుకో.

ఎందుకలా అంటే జపాన్ వాళ్ళ పెద్ద బ్యాంకు ఏళ్ళ తరబడి వడ్డీ సున్నా దగ్గరే పెట్టింది, పోయినేడు మార్చి దాకా అయితే సున్నా కన్నా కిందే. చవగ్గా దొరికే అప్పు ఎవరొదులుతారు, లోకంలో పెద్ద పెద్దవాళ్ళంతా యెన్లలో అప్పు తెచ్చి డాలర్లలో పెట్టి మధ్యలో వడ్డీ తిన్నారు, మన కాలనీలో చీటీ ముందే పాడేసి ఆ డబ్బు వడ్డీకి తిప్పే మహానుభావులు ఉన్నారు చూడు, అచ్చం అలాగే. జూలై ఆఖర్న ఆ బ్యాంకు వడ్డీ కాస్త పెంచి పావు శాతం చేసింది, అంతే, అందరూ ఒక్కసారి యెన్లు కొని అప్పు తీర్చడానికి పరిగెత్తారు, దాంతో యెన్ పెరిగింది, ఆగస్టు 5న వాళ్ళ షేర్ మార్కెట్ ఒక్కరోజులో నూటికి పన్నెండు పడింది. ఈ జనవరిలో అర శాతం చేశారు. ఏప్రిల్ మొదట్లో మీ ప్రెసిడెంటు గారు అన్ని దేశాల మీదా సుంకాలు అన్నాక డాలర్‌నే వదిలించుకోవడం మొదలెట్టారు జనం. రేపు మళ్ళీ 150 అవ్వొచ్చు, 130 అవ్వొచ్చు, ఎవరికి తెలుసు. తెలుసు అన్నవాణ్ణి మాత్రం నమ్మకు.

నేను ప్రెస్సులో పనిచేసేటప్పటి యెన్ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదా. మీ నాన్నకి కూడా సగమే తెలుసు. గవర్నర్‌పేటలో అకౌంట్స్ క్లర్కుగా చేరాను, జీతం 450. మా ఓనరు గారు మంచాయన, మధ్యాహ్నం అందరికీ మజ్జిగ తెప్పించేవారు. 1985 ఫిబ్రవరిలో జపాన్ నుంచి రెండు రంగుల ఆఫ్‌సెట్ మిషను ఆర్డరు పెట్టారు, కోటీ ఇరవై లక్షల యెన్లు. ఆ అంకె చూసి నేను భయపడితే ఆయన పకపకా నవ్వి అమ్మాయ్, యెన్ అంటే ఐదు పైసలే, పిప్పరమెంటు కూడా రాదు అన్నారు. నిజంగానే ఐదు పైసలు. మొత్తం ఆరు లక్షలు. అందులో ఐదో వంతు అడ్వాన్సు, మిగతాది ఆర్నెల్లకొక వాయిదా చొప్పున నాలుగు వాయిదాలు, ఒక్కోటి 24 లక్షల యెన్లు, మన లెక్కలో లక్షా ఇరవై వేలు. నేనే లెడ్జర్లో నాలుగు గీతలు గీసి ముందే రాసి పెట్టాను, లక్షా ఇరవై, లక్షా ఇరవై, లక్షా ఇరవై, లక్షా ఇరవై. పెన్సిల్‌తో రాయాల్సింది, ఇంకుతో రాశాను. ఆ ధైర్యంతోనే ఆయన గైడ్లు వేసేవాళ్ళకీ రైసుమిల్లుల క్యాలెండర్లకీ రెండేళ్ళకి ఒకే రేటు ఒప్పేసుకున్నారు.

మిషను వచ్చింది, కొబ్బరికాయ కొట్టాం, బిగించడానికి వచ్చిన జపాన్ ఇంజనీరు వంగి వంగి నమస్కారాలు పెట్టేవాడు, మన పెరుగన్నం తెగ నచ్చింది అతనికి, ఆవకాయ ఒక్కసారి నాలిక్కి తగిలి కళ్ళమ్మట నీళ్ళు. ఈలోగా సెప్టెంబర్ 22న న్యూయార్క్‌లో ప్లాజా అనే హోటల్లో ఐదు దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలర్ విలువ తగ్గించాలి అని ఒప్పందం రాసుకున్నారు. అది పేపర్లో వచ్చే ఉంటుంది, మేమెవరం చూడలేదు, చూసినా న్యూయార్క్ హోటల్‌కీ గవర్నర్‌పేట ప్రెస్సుకీ ఏం సంబంధం అనుకునేవాళ్ళం. యెన్‌తో పోలిస్తే డాలర్ పడిపోయింది, మన రూపాయి డాలర్ పక్కనే అటూ ఇటూగా నిలబడి ఉంది కాబట్టి దాంతోపాటు మనమూ పడ్డాం. మొదటి వాయిదా లక్షా అరవై అయిదు వేలు అయింది. ఆయన బ్యాంకు వాళ్ళు తప్పు వేశారని వెళ్ళి పోట్లాడి వచ్చారు. రెండోది దాదాపు రెండు లక్షలు. మూడోది రెండు దాటింది. ఆఖరిదానికి యెన్ తొమ్మిది పైసలు. నాలుగు లక్షల ఎనభై వేలు అనుకున్నది ఏడు లక్షల ఎనభై దాకా పోయింది, గైడ్ల రేటు మాత్రం ఒప్పుకున్నదే, పైసా పెరగలేదు. మిషను పగలూ రాత్రీ తిరిగేది, తిరిగేకొద్దీ నష్టం.

నాకు మిగిలిపోయింది ఆ అంకెలు కాదు. రెండో వాయిదా కట్టాక ఒక మధ్యాహ్నం ఆయన లేనప్పుడు ఆయన భార్య ప్రెస్సుకొచ్చారు, అంతకుముందు ఎప్పుడూ గడప తొక్కని మనిషి. నా టేబుల్ పక్కన నిలబడి, ఏమ్మాయ్, యెన్ అంటే ఏంటి అని అడిగారు. జపాన్ రూపాయండీ అన్నాను. రాత్రిళ్ళు నిద్రలో అదే మాట అంటున్నారు, ఎంతుంటుంది అన్నారు. ఆవిడ చేతులకి గాజులు మట్టివి ఉన్నాయి, బంగారంవి లేవు, నేను చూశానని ఆవిడా చూశారు. ఐదు పైసలండీ అన్నాను. ఎనిమిది దాటింది అని నోరు పెగల్లేదురా నాకు. ఆవిడ ఓస్ అంతేనా అని వెళ్ళిపోయారు. తర్వాత పొలం పోయింది, ప్రెస్సూ పోయింది. కొనుక్కున్నవాళ్ళ దగ్గర ఆ మిషను పాతికేళ్ళు నిక్షేపంలా నడిచింది.

ఏదో చెప్తూ ఎక్కడికో వెళ్ళిపోయాను. నీతులు చెప్పకూడదనే కూర్చున్నా అసలు. కానీ చిన్నా, ఎవరికైనా ఇంత డాలర్లకి ఈ కెమెరా తెప్పిస్తానని ముందే ఒప్పేసుకుని, యెన్లు తర్వాత కట్టాల్సిన ఆర్డర్లు ఉన్నాయా? మధ్యలో కొనిపెట్టే ఆ జపాన్ కంపెనీవాళ్ళు సరుకుకి ఒకసారి, అన్నీ గోడౌన్లో చేరాక షిప్పింగ్‌కి ఇంకోసారి డబ్బు లాగుతారటగా, ఆ రెండింటి మధ్య రేటు ఏమైందో చూస్తున్నావా? కార్డు మీద కొంటున్నావా, కొంటే నెల తిరిగేసరికి మొత్తం కట్టేస్తున్నావా లేక మినిమం కట్టి దాటేస్తున్నావా? విదేశీ లావాదేవీ అని ఆ కార్డు నూటికి మూడు లాగేదైతే వెంటనే మార్చు. 800 డాలర్లలోపు పార్సిళ్ళకి సుంకం లేదని నిశ్చింతగా ఉన్నావేమో, చైనా వాటికి మే 2 నుంచి తీసేస్తున్నారు, జపాన్ వంతు రాదని ఎవరు చెప్పారు.

అన్నిటికన్నా ముందు, నువ్వు హెచ్‌1 ఉద్యోగ వీసా మీద ఉన్నావు. ఉద్యోగం తప్ప పక్కన వ్యాపారం చెయ్యకూడదు అని నీకు నేను చెప్పాలా? ఒకటీ అరా పాత లెన్సు అమ్ముకోవడం వేరు, నెలనెలా తెప్పించి అమ్మడం వేరు. నువ్వు అలా చెయ్యవని నాకు తెలుసు. తెలుసు కాబట్టే అడుగుతున్నా.

జూన్‌లో జపాన్ వెళ్తున్నావనీ విన్నాను, అదీ శ్రావణే. వెళ్ళు, వయసులో చూడకపోతే ఎప్పుడు చూస్తావ్. ఈ వారం వెళ్ళనందుకు సంతోషం, ఇవాళ్టి నుంచి వాళ్ళకి వరుస సెలవులు, దేశమంతా రైళ్ళలోనే ఉంటుందట. జూన్ అంటే వానలు, గొడుగు పెట్టుకో, ఆ పల్చటి బూట్లు కాదు మంచివి వేసుకో. మన పాస్‌పోర్టుకి జపాన్ వీసా కావాలి, తీసుకున్నావా? తిరిగి అమెరికా రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఉందా, డేటు చూసుకున్నావా? ఈమధ్య అక్కడి ఎయిర్‌పోర్టుల్లో ఫోన్లు కూడా తెరిచి చూస్తున్నారంటున్నారు, అందుకే అడుగుతున్నా ఇందాకటిది.

హోటల్ అక్కడికెళ్ళాక యెన్లలో కట్టేలా బుక్ చేసుంటే రాత్రికి 20 వేల చొప్పున ఎనిమిది రాత్రులకి జనవరి లెక్కన 1,013 డాలర్లు, ఇప్పుడు 1,127. జే.ఆర్. పాస్ (వాళ్ళ రైళ్ళ పాస్) అంటూ ఊరికే కొనెయ్యకు, 2023 అక్టోబర్ నుంచి వారానిది 29,650 యెన్ల నుంచి ఒకేసారి 50 వేలు చేశారు, టోక్యో నుంచి క్యోటో వెళ్ళొచ్చేదానికే అయితే విడి టికెట్లే నయం. కొట్లో కార్డు గీసేటప్పుడు డాలర్లలోనా యెన్లలోనా అని అడిగితే యెన్లే నొక్కు, డాలర్లు నొక్కితే వాళ్ళిష్టమొచ్చిన రేటు వేస్తారు. ఒక కొట్లో ఒకరోజు 5 వేల యెన్లకి పైన కొంటే పాస్‌పోర్టు చూపించి పది శాతం పన్ను లేకుండా తీసుకోవచ్చు, డాలర్ పడ్డంతా కాకపోయినా చాలావరకు అక్కడే కలిసొస్తుంది. పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టుకో, వెనక జేబులో కాదు. నాకేం తేకు. చిన్న చాకు ఒకటి, కూరలు తరగడానికి, అదీ వీలైతే.

మీ నాన్నకి బీపీ మాత్ర మార్చారు, కంగారేం లేదు, ఉప్పు తగ్గించమన్నారు, ఆవకాయ దగ్గర మాత్రం ఆ మాట వినబడదు. నా మోకాలు పర్వాలేదు. ఈ మెయిల్ సంగతి ఆయనకి తెలీదు, పెళ్ళిలో మాట కూడా ఆయన చెవిన పడకుండా చూశాను. నువ్వు ఇక్కడి టైము రాత్రి పదిన్నర దాటాక చెయ్, ఆయన పడుకుంటారు, నేను డాబా మీదకెళ్ళి మాట్లాడతా. పెట్టెలెన్ని, కార్డు మీద ఎంత, రెండే అంకెలు చెప్పు. ఎంతైనా అరవను. నా పేరున ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి ఆగస్టులో తీరుతుంది, అది దేనికి పెట్టానో నీకు తెలుసు, దానికి కాకపోయినా పర్లేదు.

పచ్చడి పంపాలా, ఊళ్ళో ఉంటావా? కొరియర్ వాడు అడ్రస్ మళ్ళీ అడిగాడు, అపార్ట్‌మెంట్ నెంబర్ పాతదేనా?

అమ్మ