సగం ధర వజ్రం గురించి మునికి

తిరుపతి

ప్రియమైన మునికి,

అమ్మాయి నిశ్చితార్థానికి ఒక క్యారెట్ వజ్రపుటుంగరం సగం ధరకే దొరుకుతోందని, అయితే బిల్లు మీద ‘క్లారిటీ ఎన్‌హాన్స్‌డ్’ అని, అంటే లోపలి లోపాలు కనిపించకుండా చేసిన రాయి అని రాస్తామంటున్నారని నువ్వు రాసిన ఉత్తరం నిన్న అందింది. అలా రాసిస్తామన్నందుకు ఆ చిత్తూరు దుకాణందారు నిజాయితీపరుడే. నాకు అమ్మినవాళ్లు ఆ మాటైనా చెప్పలేదు.

2016లో మీ చెల్లెలికి నేను కొన్న 80 సెంట్ల రాయి (నూరు సెంట్లు ఒక క్యారెట్) నీకు గుర్తుండే ఉంటుంది. మూడు లక్షల రాయిని లక్షన్నరకే ఇస్తున్నామంటే పొంగిపోయి తీసుకున్నాను. రెండేళ్లకు రాయిని పట్టి ఉంచే కొక్కెం ఒకటి వదులైతే, గాంధీ రోడ్డు సందులో ఉన్న మా ఆచారికి ఇచ్చాను. ఆయన గ్యాసు మంటతో అతికి, చల్లార్చి, తుడిచి చూసేసరికి రాయి నడుమ గోటితో గీరినట్టు తెల్లటి చార తేలింది. తన చేతిలోనే పగిలిందనుకుని పాపం ఆయన ముఖం పాలిపోయింది. నిజానికి ఆ పగులు మొదటినుంచీ ఉన్నదే. వజ్రం లోపలి పగుళ్లలో సీసం కలిసిన గాజును నింపితే, ఆ గాజు వెలుగును ఇంచుమించు వజ్రంలాగే వంచుతుంది కనుక పగులు కంటికి ఆనదు. 1980లలో ఇజ్రాయెల్‌కు చెందిన జ్వీ యెహూదా వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఇది. మా ఆచారి మంటకు వజ్రం తట్టుకుంది గాని, గాజు తట్టుకోలేదు.

నేను చేసిన పొరపాటల్లా మూడు లక్షల నుంచి కిందికి లెక్క కట్టడం. నువ్వూ ఇప్పుడు అదే చేస్తున్నావు. గాజు లేకపోతే ఆ రాయి ఏ తరగతిదో ముందు తేల్చుకుని, అక్కడినుంచి మొదలుపెట్టాలి. నాది భూతద్దం లేకుండానే పగులు కనిపించే ఐ2 తరగతి రాయి. అటువంటిది ఏ మరుగూ లేకుండా అమ్మితే ఆ రోజుల్లో ఎనభై వేలు పలికేదని తరువాత విచారిస్తే తెలిసింది. కంటికి ఇంపుగా కనిపిస్తున్నందుకు దాని మీద కొంత కలుపుకుందామన్నా, మంట, ఆవిరి, అల్ట్రాసోనిక్ శుభ్రత వంటివాటికి జీవితాంతం దూరంగా ఉంచవలసినందుకు అంతకు అంతా తీసేయక తప్పదు. వజ్రాలను పరీక్షించి తరగతి కట్టే అమెరికా సంస్థ జీఐఏ ఇలా నింపిన రాళ్లకు గ్రేడింగ్ రిపోర్టే ఇవ్వదు. వేరే కాగితం మీద ‘వీఎస్’ అని, అంటే లోపాలు భూతద్దానికి కూడా కష్టంగా కనిపించే మేలైన తరగతి అని చూపిస్తే, అది నింపిన తరువాతి చూపుకు వేసిన తరగతి అయి ఉంటుంది. దాన్ని మామూలు వీఎస్ రాయి ధరతో పోల్చవద్దు.

లేజరుతో సన్నటి రంధ్రం చేసి, లోపలి నల్లమచ్చను ఆమ్లంతో తెల్లబరిచే పద్ధతి వేరు. అది శాశ్వతం, జీఐఏ దాన్ని రిపోర్టులో పేర్కొంటూనే గ్రేడు కూడా ఇస్తుంది. గోధుమ రంగు రాయిని విపరీతమైన వేడితో, ఒత్తిడితో తెల్లబరిచిన హెచ్‌పీహెచ్‌టీ రాళ్లు 1999 నుంచి బజారులోకి వచ్చాయి. ఆ రంగు పోయేది కాదు గాని, సహజంగానే తెల్లగా పుట్టిన రాయి ధర దానికి రాదు.

నింపిన రాయిని గుర్తుపట్టడం నువ్వనుకున్నంత కష్టం కాదు. పది రెట్ల భూతద్దం పెట్టి, వెనుక నల్లగుడ్డ ఉంచి, రాయిని నెమ్మదిగా అటూ ఇటూ వంచితే పగులు వెంట నారింజ రంగు మెరుపు ఒకటి నీలంలోకి మారుతుంది, వాన నీటి మీద పడిన పెట్రోలు చుక్కలాగా. ఒక్కోసారి గాజులో చిక్కుకున్న గాలిబుడగలు కూడా కనిపిస్తాయి. మా ఆచారి చూపించాక, రెండేళ్లుగా చూస్తున్న రాయిని నేను అంతవరకు ఒక్కసారైనా చూడలేదని అనిపించింది.

ఇంకొక సంగతి. ఇప్పుడు సూరత్ ల్యాబ్‌లలో పెంచిన వజ్రాలు పగులూ గాజూ లేకుండా చాలా తక్కువకే దొరుకుతున్నాయి. మెరుపే ముఖ్యమైతే నింపిన రాయికి లక్షలు పోయడంలో అర్థం లేదు. భూమిలో పుట్టిన రాయే కావాలని అమ్మాయి పట్టుబడితే, చిన్నదైనా ఇలాంటి మరుగులేవీ చేయని రాయి చూడు. వియ్యాలవారు సెంట్లు లెక్కపెడతారన్న భయం నీదే తప్ప వాళ్లది కాదని నా అనుమానం.

డబ్బు కట్టేముందు, రేపు తిరిగి తెస్తే ఎంతకు తీసుకుంటారో బిల్లు మీదే రాయమని అడుగు. నోటితో సగం ధర అన్నవాళ్లు కాగితం మీద ఎంత వేస్తారో చూద్దాం. రాయిని మాత్రం ఇంకా బంగారంలో బిగించవద్దని చెప్పు. ఆదివారం ఆచారి భూతద్దం అడిగి తీసుకుని, ఉదయం బస్సుకే వస్తాను.

నీ
బాబు