ఏడు నెలలుగా నా ఫోటో ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు

కస్టమర్ సర్వీస్ అధికారి గారికి,

నమస్కారం. మీ కాల్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందని, అందరం తెలుగువాళ్లమేనని మీ అమ్మాయే ఫోన్లో చెప్పింది. ఇంగ్లిష్‌లో పంపిన పదకొండు మెయిళ్లకు జవాబు రాలేదు కాబట్టి ఇది తెలుగులో రాస్తున్నాను. ఒక్కరైనా చివరిదాకా చదవండి.

మార్చి 4న అమెరికాలోని సిన్సినాటి నుంచి మీకు ఒక బేస్‌బాల్ టీమ్ ఫోటో పంపాను, అసలుదో కాదో తేల్చి సర్టిఫికెట్ ఇమ్మని. 1880ల నాటి క్యాబినెట్ ఫోటో, అంటే గట్టి అట్టకు అంటించిన పాతకాలపు ఫోటో. ఆరు వారాలన్నారు. ఇప్పుడు అక్టోబర్.

మొదటిసారి ఫోన్ చేస్తే, ఆటగాళ్ల బొమ్మలతో అమ్మే కార్డు అనుకుని, కార్డు నంబర్ అడిగారు. ఇది కార్డు కాదండీ, ఫోటో అన్నాను. ఆన్‌లైన్ ఫారం నింపమన్నారు. అందులో ఆటగాడి జెర్సీ నంబర్ వేస్తే గానీ తర్వాతి పేజీ రాదు. ఆ కాలంలో చొక్కాల మీద నంబర్లే లేవు. 1929లో యాంకీస్, క్లీవ్‌లాండ్ జట్లు మొదలుపెట్టాకే ఆ పద్ధతి నిలబడింది. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. "సున్నా కొట్టేయండి సార్" అన్నాడు మీ అబ్బాయి. కొట్టాను. రెండు వారాలకు "వివరాలు తప్పు" అని నా ఫైల్ మూసేశారు!

మళ్లీ చేస్తే 47 నిమిషాలు హోల్డ్‌లో పెట్టి లైన్ కట్ చేశారు. తర్వాత ఒకరు టీమ్ లీడ్ మీటింగ్‌లో ఉన్నారన్నారు, ఇంకొకరు 24 గంటల్లో కాల్ బ్యాక్ వస్తుందన్నారు. ఆ కాల్ ఈరోజు వరకూ రాలేదు. జూలైలో ఒకాయన "మీ పోస్టర్ గోడౌన్‌లో ఉంది" అన్నాడు. పోస్టరా? అది గుడ్డు తెల్లసొన పూసిన పలచటి కాగితం మీద తీసి అట్టకు అంటించిన ఫోటో. చెమ్మ తగిలితే పసుపెక్కి వెలిసిపోతుంది. ఆ గోడౌన్ ఎలాంటిదని అడిగితే "మీ బాధ అర్థమైంది సార్" అనే మాట తప్ప ఇంకోటి లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తొమ్మిదేళ్లుగా మీ కస్టమర్‌ని. నాలాగా పాత ఫోటోలు పోగేసే ముగ్గురు స్నేహితులను మీ దగ్గరికి పంపింది నేనే. ఆటగాళ్లందరికీ జీతాలిస్తున్నామని బాహాటంగా చెప్పి ఆడిన మొదటి బేస్‌బాల్ జట్టు, హ్యారీ రైట్ నడిపిన రెడ్ స్టాకింగ్స్, మా సిన్సినాటిదే. 1869లో 57 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటీ ఓడలేదు. ఈ ఊరికొచ్చాక ఆ కథ విని ఈ పిచ్చిలో పడ్డాను. నా ఫోటోలో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక ఉండి బంతి పట్టేవాడి, కుడిచేతి చూపుడు వేలు వంకరగా ఉంటుంది, విరిగి అలాగే అతుక్కున్నట్టు. ఆ చేతులతో బంతులు పట్టినవాళ్లు వాళ్లు. దాన్ని పార్సిల్ నంబర్‌గా చూస్తుంటే కడుపు మండదా?

నా డబ్బు వెనక్కివ్వాలి, సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. లేదంటే మా ఒహాయో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో ఫిర్యాదు చేస్తాను, లాయర్‌తో నోటీసు పంపిస్తాను, నా స్నేహితులెవరూ మీ గడప తొక్కరు. అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. అట్ట వెనుక ఎవరో పెన్సిల్‌తో ఆటగాళ్ల పేర్లు రాశారు. మీలో ఒకరు ఫోటో చేతిలోకి తీసుకుని, మూడో పేరు ఏమిటో చదివి నాకు ఫోన్ చేయండి. అప్పుడు నమ్ముతాను అది మీ దగ్గరే ఉందని.

ఇట్లు,
మీ కస్టమర్, సిన్సినాటి