పద్మకి ఉత్తరం: నర్సింగ్ కాలేజీకి డబ్బు కట్టే ముందు

ఇర్వింగ్, టెక్సాస్
ఆదివారం

చి.ల.సౌ. పద్మకి అక్క దీవెనలు.

నువ్వు పంపిన, ఇక్కడి ప్రైవేటు నర్సింగ్ కాలేజీ బ్రోషర్ మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఫీజు కోసం నాన్న బంగారం బ్యాంకులో పెడతానంటున్నాడని అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పని మాత్రం ఇప్పుడే వద్దను. నువ్వు మరిదిగారి దగ్గరికి వచ్చాకే కదా చేరేది. ఈలోగా ఖమ్మంలో కూర్చునే, పైసా ఖర్చు లేకుండా ఆ కాలేజీ సంగతేంటో తేల్చుకోవచ్చు.

ముందు టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ వెబ్‌సైట్లో అప్రూవ్ అయిన ప్రోగ్రాముల జాబితా తెరువు. ఆ జాబితాలో లేని చోట చదివితే నర్సు లైసెన్సుకి రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షకే కూర్చోనివ్వరు. పేరు కనిపించిందని సంబరపడకు, ఏ ఊరి క్యాంపస్, ఏ కోర్సు అన్నది కూడా సరిపోవాలి. పక్కన అప్రూవల్ స్థాయి ఉంటుంది. 'ఇనిషియల్' అంటే కొత్త ప్రోగ్రాము, చూసుకోవడానికి ఫలితాల చరిత్ర ఉండదు. 'వార్నింగ్' అంటే బోర్డు తప్పు పట్టింది. 'కండిషనల్' అని ఉంటే ఇక ఆ కాలేజీ ఊసే ఎత్తకు.

బ్రోషర్ 3వ పేజీలో సన్న అక్షరాల్లో 'ప్రీ-నర్సింగ్' అని ఉంది, గమనించావా? అంటే నిన్ను ముందు ఇంగ్లీషు, అనాటమీ, లెక్కల క్లాసుల్లో వేస్తారు. ఆ ఫీజంతా కట్టించుకున్నాక అసలు నర్సింగ్ (నర్సింగ్ కోర్) సీటుకి టీస్ లాంటి ప్రవేశ పరీక్ష, మార్కుల కటాఫ్. సీటు రాకపోతే కట్టింది కట్టినట్టే పోతుంది. 'నర్సింగ్ కోర్‌లో సీటు ఖాయమా, ప్రీ-నర్సింగ్ నుంచి పోయినేడు ఎంతమందికి ఇచ్చారు?' అని మెయిల్లో అడుగు. ఫోన్లో చెప్పేది లెక్కలోకి రాదు.

ఇక బ్రోషర్ మీద పెద్దగా వేసిన '95 శాతం పాస్'. అది అబద్ధం కాకపోవచ్చు, అందుకే జాగ్రత్త. 60 మంది చేరారనుకో. రెండేళ్ళలో 25 మంది ఫెయిలయ్యో, ఫీజు కట్టలేకో మానేశారు. మిగిలిన 35 మందిలో 15 మందికి కాలేజీ పెట్టే హెసి ఎగ్జిట్ పరీక్షలో 850 రాలేదని డిగ్రీ ఆపారు. 20 మంది ఎన్‌క్లెక్స్ రాశారు, 19 మంది పాస్. పట్టికలో అది 95 శాతం. నాన్న డబ్బు వైపు నుంచి చూస్తే 60కి 19. కాబట్టి మూడు అంకెలు అడుగు: ఎందరు చేరారు, ఎందరు సకాలంలో పూర్తి చేశారు, ఎందరు పరీక్ష రాశారు. ఎగ్జిట్ పరీక్ష ఎన్నిసార్లు రాయనిస్తారో, తప్పితే మళ్ళీ ఫీజు ఎంతో కూడా అడుగు.

పాస్ శాతం బోర్డు పట్టికలోనే చూడు, కనీసం 5 ఏళ్ళది. మొదటిసారి రాసినవాళ్ళలో 80 శాతం పాసవ్వాలని టెక్సాస్ బోర్డు నియమం. దేశం మొత్తం మీద ఇక్కడే చదివి మొదటిసారి రాసినవాళ్ళు 2022లో 80 శాతం దగ్గర, 2024లో 91 శాతం పాసయ్యారు. మధ్యలో 2023 ఏప్రిల్లో పరీక్ష తీరే మారింది. అందుకని ఏ ఏడాది అంకెను ఆ ఏడాది సగటుతోనే పోల్చు.

'అక్రెడిటెడ్' అన్న మాట దగ్గర అందరూ బోల్తా పడతారు. కాలేజీకి ఉండే గుర్తింపు వేరు, నర్సింగ్ ప్రోగ్రాముకి ఉండే గుర్తింపు వేరు. రెండోది ఏసీఈఎన్, సీసీఎన్ఈ, ఎన్ఎల్ఎన్ సీఎన్ఈఏ వాళ్ళు ఇస్తారు. ఆ సంస్థల సైట్లలో నేరుగా వెతుకు. 'క్యాండిడసీ' అని ఉంటే దరఖాస్తు దారిలో ఉందని అర్థం, గుర్తింపు వచ్చిందని కాదు. ప్రోగ్రాముకి గుర్తింపు లేకున్నా లైసెన్సు రావచ్చు. కానీ వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రుల్లో ఉద్యోగానికీ, తర్వాత బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ), మాస్టర్స్ చేయడానికీ చాలా చోట్ల దారి మూసుకుపోతుంది. క్రెడిట్లు, అంటే నువ్వు పూర్తి చేసిన కోర్సుల లెక్క, వేరే కాలేజీకి బదిలీ అవుతాయా అని ఈ కాలేజీని అడగకు, తీసుకోవాల్సిన ప్రభుత్వ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌ని అడుగు. 2016 సెప్టెంబర్లో ఐటీటీ టెక్ అనే ప్రైవేటు కాలేజీల సంస్థ దేశమంతటా ఉన్నట్టుండి మూతపడితే నర్సింగ్ పిల్లలు కూడా సగంలో రోడ్డున పడ్డారు. క్రెడిట్లు వేరే చోట చెల్లకపోతే మళ్ళీ మొదటికే.

క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో రోగుల దగ్గర చేసే శిక్షణ గురించి బ్రోషర్లో ఒక్క వాక్యమే ఉంది, 'ప్రముఖ ఆసుపత్రుల్లో' అని. ఏ ఆసుపత్రి, ఏ వార్డు, ఏ షిఫ్టు? ముఖ్యంగా కాన్పుల వార్డు, పిల్లల వార్డు. కాలేజీలకి అవి దొరకడమే కష్టం, దొరకనివాళ్ళు బొమ్మల ల్యాబుతో సరిపెడతారు. ఆసుపత్రి పేరు చెబితే అక్కడి ఎడ్యుకేషన్ విభాగానికి మరిదిగారితో ఒక ఫోను చేయించు, ఒప్పందం ఉందో లేదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఒక టీచరుకి 10 మందికి మించి విద్యార్థులుంటే చేతికి పని రాదు.

నీది హెచ్4, అంటే భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చే వీసా. చదువుకోవచ్చు, కానీ ఫెడరల్ లోను రాదు. వర్క్ పర్మిట్ లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరూ రాదు. ఆ నంబరు లేకుండా బ్యాక్‌గ్రౌండ్ చెక్, లైసెన్సు ఎలా నడుస్తాయో బోర్డుకే రాసి, జవాబు దాచుకో. అడ్మిషన్ వాళ్ళు 'అదంతా మేం చూసుకుంటాం' అంటే నమ్మకు, లైసెన్సు ఇచ్చేది వాళ్ళు కాదు.

ఒకసారి కాలిన్ కాలేజీ, డాలస్ కాలేజీ ఫీజులు కూడా చూడు. రెండూ ప్రభుత్వానివే. సీటుకి పోటీ ఎక్కువ, ముందస్తు కోర్సుల్లో మార్కులు గట్టిగా రావాలి. అలా సీటు కోసం ఆగలేనివాళ్ళకే ప్రైవేటువాళ్ళు సీట్లు అమ్ముకుంటున్నారు. ప్రైవేటన్నీ చెడ్డవని అనను. పైన చెప్పినవన్నీ నిలబడితే, ఏడాది ముందుగా సంపాదనలో పడటానికి ఆ ఎక్కువ ఫీజు గిట్టుబాటు కావచ్చు. కానీ లెక్క మొత్తం ఖర్చుతో వెయ్యి: ట్యూషన్, ల్యాబు ఫీజు, యూనిఫాం, పుస్తకాలు, టీకాలు, ఎగ్జిట్ పరీక్ష, చివర్న 200 డాలర్ల ఎన్‌క్లెక్స్ ఫీజు.

'ఈ శుక్రవారం లోపు కడితే డిస్కౌంటు' అంటున్నారట కదా. సంతకం పెట్టకముందే ఎన్‌రోల్‌మెంట్ అగ్రిమెంటు కాపీ మెయిల్లో పంపమను. అందులో రీఫండు పట్టిక చూడు, ఏ వారం మానేస్తే ఎంత తిరిగిస్తారో ఉంటుంది. గొడవొస్తే కోర్టుకెళ్ళకుండా మధ్యవర్తి తీర్పుకి, అంటే ఆర్బిట్రేషన్‌కి కట్టుబడతానన్న పేరా ఎక్కడుందో కూడా. టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ కింద ఉన్న కెరీర్ స్కూలైతే సంతకం పెట్టిన 72 గంటల్లో, సెలవులు తీసేసి, రద్దు చేసుకుంటే డబ్బంతా ఇవ్వాలి. కాపీ పంపడానికి నసిగితే ఆ కాలేజీని అక్కడితో వదిలెయ్. పంపితే నాకు ఫార్వర్డ్ చెయ్, ఇద్దరం ఫోన్లో కూర్చుని చదువుదాం.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
అక్క

తా.క.: పిన్ని కూతురు కూడా ఈ కాలేజీలోనే చేరతానంటోందట. దానికి అక్కర్లేదు. బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది కాబట్టి మార్కుల కాగితాలు మదింపు చేయించుకుని, అప్పుడు నేరుగా ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. పరీక్షా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది.